మొదటి రిపోర్ట్ తప్పని కాదు, ముందు ఆ బ్లాక్ తెచ్చుకోండి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మీది ఒడిశాలోని పర్లాకిమిడి. అమ్మగారికి 58 ఏళ్లు, ముట్లు ఆగిపోయి ఏడేళ్లయ్యాక మళ్లీ బ్లీడింగ్ కనబడింది. బరంపురంలో ముక్క తీసి పరీక్షకి పంపితే గర్భసంచి లోపలి పొర క్యాన్సర్, ఎండోమెట్రియాయిడ్ రకం, గ్రేడ్ 2 అని వచ్చింది. ఆపరేషన్ కోసం విశాఖ తీసుకెళ్తే అక్కడ పాత బ్లాకులు (ముక్కని ఉంచిన మైనం బిళ్లలు), స్లైడులు తెమ్మన్నారు, పైగా ఇంకో ఐదు పరీక్షలు రాశారు. మొదటి రిపోర్ట్ తప్పా, లేకపోతే డబ్బులు గుంజుతున్నారా అని మీ అనుమానం. పోయినేడాది క్యాంపులో చేసిన పాప్ టెస్ట్ నార్మలే కదా అని బాధ. చివర్లో, ఏదో మాటవరసకి అన్నట్టు, మేనమామ 46 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారనీ, ఆయన కూతుర్నే మీరు చేసుకున్నారనీ రాశారు. నన్నడిగితే మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క అదే. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పాథాలజిస్టుని. ఇచ్ఛాపురం పిల్లని, బరంపురం చుట్టుపక్కల ఇరవై ఆరేళ్లుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్నాను. మీ అమ్మగారి స్లైడ్ నేను చూడలేదు, చూడకుండా అది ఫలానా అని చెప్పను. ఆ పరీక్షలు ఎందుకో మాత్రం చెప్పగలను.

డబ్బులు గుంజడం కాదు. క్యాన్సర్ ఆపరేషన్ చేసే ఏ పెద్ద ఆస్పత్రి అయినా బయటి రిపోర్ట్ మీద నేరుగా కత్తి పట్టదు, వాళ్ల పాథాలజిస్టు ఒకసారి చూసి తీరాల్సిందే. నా రిపోర్టులూ అలాగే వెళ్తాయి, కొన్నిసార్లు మార్చి రాస్తారు కూడా. గ్రేడ్ ఎలా వేస్తామో చెప్తే మీకే తెలుస్తుంది. ఈ రకం కణితి మామూలుగా చిన్న చిన్న గొట్టాల్లా, గ్రంథుల్లా పెరుగుతుంది. గ్రంథుల రూపం పోయి కణాలు ఒకదాని మీద ఒకటి పడి గుట్టగా ఉన్న భాగం ఎంత అని చూస్తాం. 5 శాతం లోపు అయితే గ్రేడ్ 1, 6 నుంచి 50 దాకా గ్రేడ్ 2, అది దాటితే గ్రేడ్ 3. ఇదంతా కంటి అంచనాయే. నేను 45 అన్నచోట ఇంకొకరు 55 అంటే గ్రేడ్ మారిపోతుంది. పైగా బయాప్సీలో వచ్చేది చెంచాడు తుక్కు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు, కణితి విషయంలో ఆ లెక్క పనికిరాదు, ఒక మూల గ్రేడ్ 1, ఇంకో మూల గ్రేడ్ 3 ఉండొచ్చు.

రెండోసారి చూడ్డం అంటే మొదటివాళ్లని అవమానించడం అనుకునే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల మాట వదిలేయండి. హెన్రియెట్టా ల్యాక్స్ అని అమెరికా ఆవిడ, 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయారు. ఆవిడ కణితి నుంచి తీసిన హీలా కణాలు ఈ రోజుకీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. అంత ప్రసిద్ధి చెందిన కణితికే మొదట పొలుసు కణాల క్యాన్సర్ అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1971లో, పాత స్లైడులు మళ్లీ తీసి చూస్తే గ్రంథి కణాల క్యాన్సర్ అని తేలింది. స్లైడులు దాచి ఉంచారు కాబట్టి తేలింది.

ఇంతకీ బ్లాక్ అంటే ఏమిటో చాలామందికి తెలీదు, రిపోర్ట్ కాగితం ఉంటే చాలనుకుంటారు. ముక్కని కుళ్లకుండా ఫార్మలిన్‌లో ఉంచి, ఆ తర్వాత ఆల్కహాల్‌తో నీరంతా లాగేసి, జైలీన్ పట్టించి, కరిగించిన పారఫిన్ మైనం లోపలికి ఎక్కిస్తాం. గట్టిపడ్డాక అగ్గిపెట్టె కంటే కాస్త చిన్న ప్లాస్టిక్ క్యాసెట్ మీద తెల్లటి మైనం బిళ్ల తయారవుతుంది, మధ్యలో గోధుమరంగు మచ్చలా కనబడేదే మీ అమ్మగారి ముక్క. దాన్ని మైక్రోటోమ్ అనే కోత యంత్రానికి బిగించి చక్రం తిప్పితే మూడు నాలుగు మైక్రాన్ల మందాన పొరలు రిబ్బన్‌లాగా వస్తాయి. గోరువెచ్చని నీళ్ల తొట్టి మీద ఆ రిబ్బన్ పరిచి, కింద నుంచి గాజు పలకతో మెల్లిగా పైకి ఎత్తాలి, ఊపిరి గట్టిగా వదిలితే మడతపడిపోతుంది. ఒక బ్లాక్ నుంచి ఇలా పదుల కొద్దీ పొరలు కోయొచ్చు. కొత్తగా రాసిన పరీక్షలన్నీ ఈ పొరల మీదే చేస్తారు. అంటే బ్లాక్ ఉంటే అమ్మగారిని మళ్లీ బల్ల మీద పడుకోబెట్టి ముక్క తీయాల్సిన పని ఉండకపోవచ్చు.

ఇప్పుడు ఆ పరీక్షల సంగతి. 2013లో అమెరికాలో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ వాళ్లు 373 గర్భసంచి కణితుల జన్యువుల్ని చదివి ఒక పరిశోధన వేశారు. అప్పటిదాకా మేము ఎండోమెట్రియాయిడ్, సీరస్ అని ఆకారం చూసి విడగొట్టేవాళ్లం, గ్రేడ్ వేసేవాళ్లం, అంతే. వాళ్లు చూసేసరికి ఆకారంతో పూర్తిగా కలవని నాలుగు గుంపులు బయటపడ్డాయి. ఒకటి, పోల్ అనే జన్యువు చెడిపోయినవి. మైక్రోస్కోపులో ఎంత భయంకరంగా కనబడినా వీటి ఫలితం చాలా బాగుంటుంది, గ్రేడ్ 3 అని మేము హడలగొట్టినవాళ్లలో కొందరు ఈ గుంపువాళ్లే. రెండోది, కణం తన డీఎన్‌ఏలో పడ్డ తప్పుల్ని తానే దిద్దుకునే యంత్రాంగం పాడైనవి. మూడోది పి53 అనే జన్యువు చెడిపోయినవి, ఇవి మొండివి. మొత్తం కేసుల్లో 15 శాతం ప్రాంతంలోనే ఉంటాయి, మరణాల్లో మాత్రం సగానికి పైగా వీటివే. ఈ మూడింట్లో దేనికీ చెందనివి నాలుగో గుంపు. 2023లో ఫిగో, అంటే అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య, జబ్బు ఎంతదాకా పాకిందో చెప్పే తన స్టేజింగ్‌లోకే ఈ గుంపుల్ని తెచ్చింది. అంటే ఒకే రిపోర్ట్, ఒకే గ్రేడ్ 2 ఉన్న ఇద్దరు ఆడవాళ్లలో ఆపరేషన్ తర్వాత ఒకరికి ఏమీ అక్కర్లేకపోవచ్చు, ఇంకొకరికి రేడియేషన్, కీమో రెండూ కావాల్సిరావచ్చు. మీకు రాసిన ఐదు పరీక్షలూ ఆ తేడా పట్టుకోవడానికే, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పి53 అని ఉంటాయి చూడండి.

వీటిని చదవడం ఒక సరదా, నాకు ఈ వృత్తిలో ఇప్పటికీ విసుగు పుట్టనిది ఇదొక్కటే. పి53 రంగు వేసిన స్లైడ్‌ని రాత్రిపూట వీధి అనుకోండి. కొన్ని ఇళ్లలో దీపం ఉంది, కొన్నింట్లో లేదు, ఒకచోట మిణుకు, ఒకచోట వెలుగు, అలా ఉంటే మామూలు. ప్రతి ఇంట్లో భగ్గున వెలుగుతుంటే ఆ జన్యువు చెడింది. వింత ఏంటంటే వీధి మొత్తం చీకటి అయినా చెడినట్టే. చీకటి చూసి ‘నెగటివ్’ అని రాసేస్తే ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కాబట్టి పి53 రిపోర్ట్‌లో పాజిటివ్, నెగటివ్ అని ఒక్క మాట మాత్రమే ఉంటే ఒప్పుకోకండి. వైల్డ్ టైపా (అంటే మామూలా), అసాధారణమా అన్నది రాయమనండి.

పోల్‌కి ఇలా రంగు వేసి చూసే పరీక్ష లేదు, జన్యువును చదవాల్సిందే, ఖర్చు ఎక్కువ. అందరికీ అవసరం ఉండదు, అక్కడి డాక్టర్లు చెప్తే అప్పుడు ఆలోచించండి.

మిగతా నాలుగు, ఎంఎల్‌హెచ్1 మొదలైనవి, డీఎన్‌ఏ తప్పుల్ని దిద్దే ప్రోటీన్లు. అవి ఉంటే కణం నడిబొడ్డు గోధుమరంగులోకి మారుతుంది, లేకపోతే నీలంగానే ఉండిపోతుంది. ఇక్కడో మెలిక ఉంది. కణితి నీలంగా ఉంది, సరే, పక్కనే ఉన్న మంచి కణాలు, తెల్ల రక్తకణాలు గోధుమరంగులోకి వచ్చాయా? అవీ నీలంగానే ఉంటే తప్పు కణితిది కాదు, ముక్క నిలవ పెట్టిన తీరుది.

మూడేళ్ల కిందట సరిహద్దుకి ఆవలి ఒక నర్సింగ్ హోమ్ నుంచి నా దగ్గరికి ఒక గర్భసంచి వచ్చింది. వెడల్పు మూతి డబ్బా దొరకలేదేమో, ఊరగాయ డబ్బాలో కుక్కి, బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపారు. డబ్బా అంచు దాకా అవయవమే, చుట్టూ పోసింది ఫార్మలిన్ కాదు, సెలైన్. మే నెల. మూత తీయగానే వాసనకి మా అటెండర్ బయటికి పరిగెత్తాడు. పైన బాగానే ఉంది, కోస్తే లోపలి పొర మెత్తటి గుజ్జు. ఫార్మలిన్ గంటకి ఒక మిల్లీమీటరు చొప్పున ఇంకుతుంది, గర్భసంచిని కోసి తెరవకపోతే లోపల ఉన్న కణితిని చేరేలోపే అది కుళ్లడం మొదలవుతుంది. ముక్కకి పదింతలు ఫార్మలిన్ పోయాలి, అదీ తీసిన గంటలోపు. ఆ కేసులో నేను క్యాన్సర్ అని మాత్రం రాయగలిగాను. ఎంఎంఆర్ రంగులు, అంటే పైన చెప్పిన నాలుగు ప్రోటీన్ల రంగులు, వేస్తే కణితీ నీలం, మంచి కణాలూ నీలం. ఏ గుంపో చెప్పలేకపోయాను. ఆవిడకి అప్పటికే గర్భసంచి తీసేశారు, మళ్లీ తెమ్మనడానికి ఇంకో ముక్క లేదు. 373 కణితుల జన్యువులు చదివిన పరిశోధన మా జిల్లాకి వచ్చి ఊరగాయ డబ్బా దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ ఆ కోపం పోలేదు. కాబట్టి రేపు ఆపరేషన్ ఎక్కడ జరిగినా ‘ఫార్మలిన్‌లో వేశారా, తెరిచి వేశారా’ అని అడగండి. విసుక్కున్నా ఫర్లేదు.

ఇప్పుడు మీ మేనమామ సంగతి. 1895లో అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టు దగ్గర బట్టలు కుట్టే ఒకావిడ, మా ఇంట్లో అందరూ పొట్ట, పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోతారు, నేనూ అలాగే పోతాను అందట. ఆయన నవ్వి ఊరుకోకుండా ఆ కుటుంబ వృక్షం మొత్తం రాసి 1913లో ప్రచురించారు. ఆవిడ అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. ఆ తర్వాత 1960ల్లో హెన్రీ లించ్ అనే డాక్టర్ ఇలాంటి కుటుంబాలనే వెంటబడి చదివారు, అందుకే దీన్ని లించ్ సిండ్రోమ్ అంటున్నాం. పైన చెప్పిన నాలుగు ప్రోటీన్ల జన్యువుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంటుంది. అన్నకి పెద్దపేగులో, చెల్లికి గర్భసంచిలో రావొచ్చు. మీ ఇంట్లో అచ్చం అదే వరస కనబడుతోంది, అందుకే ఆ లైను ముఖ్యమన్నాను. విశాఖలో ఈ మాట డాక్టరుకి చెప్పారా? ఎవరూ అడక్కపోయినా చెప్పండి.

అలా అని ఇప్పుడే టెన్షన్ పెట్టుకోవద్దు. గర్భసంచి క్యాన్సర్లన్నిట్లో లించ్ వాటా 3 శాతం ప్రాంతమే. నాలుగు పరీక్షల్లో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోయాయని వస్తే ఎక్కువసార్లు అది వయసుతో ఆ జన్యువు మూతబడటం వల్ల, వంశం వల్ల కాదు. మిథైలేషన్ పరీక్ష చేస్తే అది తేలిపోతుంది. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 పోతే మాత్రం వంశం అనుమానం గట్టిది, అప్పుడు అమ్మగారి రక్తంలో జన్యు పరీక్ష చేయించాలి. అందులో తేలితే మీకూ మీ తోబుట్టువులకీ ఒక్కొక్కరికి సగం అవకాశం. ఉన్నవాళ్లు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల గొట్టంతో చూసే పరీక్ష) ఏడాదికో రెండేళ్లకో చేయించుకుంటూ ఉండాలి. ఆడవాళ్లకి గర్భసంచి క్యాన్సర్ అవకాశం జన్యువును బట్టి 40 శాతం కూడా దాటొచ్చు, పిల్లలు పుట్టాక గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం గురించి డాక్టరు మాట్లాడతారు.

మీ విషయంలో ఇంకో చిక్కు. మన ఒరియా ఇరుగుపొరుగు మేనమామ కూతుర్ని చేసుకోవడం అంటే నోరు తెరుస్తారు, మనకేమో అదే వరస. మేనరికం వల్ల లించ్ రాదు, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు అది రావడానికి. కానీ అమ్మగారికీ మేనమామకీ ఇద్దరికీ అదే జన్యువు ఉండుంటే మీకు సగం, మీ ఆవిడకి సగం అవకాశం. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు రెండువైపుల నుంచీ రావచ్చు, అలాంటి పిల్లలకి చిన్నతనంలోనే మెదడు, రక్త క్యాన్సర్ల ముప్పు. ఇది చాలా అరుదు, అమ్మగారి పరీక్ష తేలకుండా ఇంట్లో ఈ చర్చ పెట్టకండి. తేలితే మాత్రం మీరిద్దరూ కలిసి జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవండి. మీ అత్తగారి ముందు ఎలా చెప్పాలో నాకు తెలీదు, అది మీ తంటా.

పాప్ టెస్ట్ నార్మల్ వచ్చిందే అన్నారు. అది గర్భాశయ ముఖద్వారం కోసం చేసేది, లోపలి పొర కోసం కాదు. వాకిలి చూసి వంటగది సంగతి చెప్పమన్నట్టే. లోపలి పొర క్యాన్సర్‌కి ముందస్తు గుర్తు బ్లీడింగే. ముట్లు ఆగాక బ్లీడింగ్ అయిన వందమందిలో దాదాపు తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉంటుంది, మిగతావాళ్లకి ఇంకేదో. లోపలి నుంచి చేసే స్కాన్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే, లేదా పొర పల్చగా ఉన్నా బ్లీడింగ్ మళ్లీ వస్తే, ముక్క తీయాలి. మన పెద్దవాళ్లు ‘ఈ వయసులో ఇదేంటి, సిగ్గు’ అని నెలల తరబడి దాస్తారు, ఇంట్లో ఆడపిల్లలే అడిగి తెలుసుకోవాలి.

అలాగని క్యాంపు దండగ కాదు. ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఏడాదికి సుమారు 1,27,000 మందికి వస్తోంది, దాదాపు 80,000 మంది పోతున్నారు. దానికి కారణం హెచ్‌పీవీ వైరస్ అని జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్ తేల్చారు. 1983లో 16వ రకం, మరుసటి ఏడు 18వ రకం ముఖద్వార కణితుల్లోనే పట్టుకున్నారు, 2008లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలోనే, మహారాష్ట్రలో అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో, 1,30,000 మందికి పైగా ఆడవాళ్ల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది, ఫలితం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో ఎనిమిదేళ్లలో మరణాలు సుమారు సగానికి తగ్గాయి, పాప్ చేసిన గుంపులో అంత తేడా రాలేదు. పాప్‌లో కణాల్ని చదివే కన్ను కావాలి, అలాంటి కళ్లు పల్లెల్లో లేవు. మీ ఆవిడకి 30 దాటితే హెచ్‌పీవీ పరీక్ష అడగండి.

సీఏ-125 అనే రక్తపరీక్ష కూడా చేయించమని ఎవరో చెప్పారట. ఆపరేషన్‌కి ముందు డాక్టరు అడిగితే సరే, ఊరికే చేయించి భయపడకండి. గుణుపురం వైపు నుంచి ఒక అమ్మాయి కడుపులో నీరు, సీఏ-125 ఆరు వందలు దాటి, అండాశయ క్యాన్సర్ అని ఇంట్లో ఏడ్చుకుంటూ వచ్చింది. ముక్క చూస్తే టీబీ. మందులు వాడి తిరిగి పొలం పనికి వెళ్లింది. బ్రిటన్‌లో రెండు లక్షల మంది మీద ఏళ్ల తరబడి అండాశయ క్యాన్సర్ కోసం ఈ పరీక్షతో స్క్రీనింగ్ చేసి చూశారు, 2021లో ఫలితం వచ్చింది, మరణాలు తగ్గలేదు.

ఇక పనిలోకి. బరంపురం ల్యాబ్‌కి వెళ్లి బ్లాకులు, స్లైడులు రెండూ అడగండి, సంతకం పెట్టించుకుని ఇస్తారు. నంబరు రిపోర్ట్ మీదున్న నంబరుతో కలిసిందో లేదో అక్కడే నిలబడి చూడండి. మన ఇంటిపేర్లు ముందు రాస్తాం, ఒడిశా ఫారాల్లో చివర రాస్తారు, ఒకే మనిషి రెండు పేర్లతో తిరుగుతుంది. ఆధార్‌లో ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే రాయించండి. స్లైడులు గాజు, గుడ్డలో చుట్టండి. బ్లాక్ మైనం, ఎండలో కారు అద్దం దగ్గర పెట్టకండి, చేతిసంచిలో ఉంచుకోండి. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశావాళ్లు కాబట్టి మీకు వర్తించదు, ఒడిశా ఆరోగ్య కార్డు విశాఖలో ఆ ఆస్పత్రిలో నడుస్తుందో లేదో బయల్దేరకముందే ఫోన్ చేయండి. నడవకపోతే విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, రెండుచోట్లా కనుక్కోండి. వారం పది రోజుల ఆలస్యంతో ఏమీ మునిగిపోదు, నెలలు మాత్రం నాన్చకండి.

జూన్ పద్నాలుగు నుంచి ఒడిశాలో రజో పండగ, మూడు రోజులు ల్యాబుల్లో మనిషి దొరకడు. ఈ శనివారం లోపే వెళ్లి తెచ్చుకోండి. కొత్త రిపోర్ట్ వచ్చాక అమ్మగారి పేరు, నంబరు కొట్టేసి ఇక్కడ పెట్టండి, ఆ నాలుగు రంగుల సంగతి చదివి చెప్తాను.